రెండు నిమిషాల బిగింపు

రేవు గోడ వెనక, ఇసుకలోకి దిగే మెట్ల పక్కన బీహీ సైకిలు కొట్టు ఉంది. కొట్టు అంటే ఒక తలుపూ, మూడు గోడలూ, గోడలకు వేలాడే చక్రాలూ. మా టాంజియర్ ఊరి మీద తూర్పుగాలి లేచిన రోజున ఆ చక్రాలు ఎవరూ తొక్కకుండానే తిరుగుతాయి. అప్పుడు లోపల కూర్చుంటే ఏదో పెద్ద పక్షి రెక్కల కింద కూర్చున్నట్టుంటుంది.

తలుపు పక్కన ఒక మేకుకు నల్లటి రబ్బరు పట్టీలు వేలాడుతుంటాయి. పాత సైకిలు ట్యూబులను నిలువునా కోసి, సబ్బునీళ్ళతో కడిగి, పౌడరు రాసి ఆరేసినవి. మూడు వేళ్ళ వెడల్పు, నాలుగు మూరల పొడుగు. కొన్నింటి మీద పంక్చరు అతుకులు గుండ్రంగా మిగిలిపోయి, చంద్రుణ్ణి ఎవరో చీకటికి అతికించినట్టు కనిపిస్తాయి.

ఆ కొట్టుకు రెండు రకాల మనుషులు వస్తారు. సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు, తమను తామే నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు. ఇద్దరితోనూ బీహీ ఒకే మాట అంటాడు.

"కూర్చో. గాలి ఎక్కడ పోతోందో చూద్దాం."

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పొడుగు. కుడి మోకాలు వంగదు. పని చేసేటప్పుడు ఆ కాలిని ఎవరో పరాయివాడి సామానులా ఒక పక్కకు చాపి పెట్టుకుంటాడు. దాని మీద స్పానర్లు ఆనిస్తాడు, రొట్టె పెట్టుకుంటాడు. ఒకప్పుడు ఆ కాలి మీదే ఆకాశం నుంచి దిగేవాడని కొత్తవాళ్ళెవరూ నమ్మరు.

మేము గెంతేవాళ్ళం. మా తాతలు దక్షిణాన సూస్ కొండల్లో గెంతారు, మా నాన్నలు ఓడలెక్కి హాంబర్గులోనూ మార్సేల్లోనూ గెంతారు. మేము తెల్లారాక బీచిలో సాధన చేసి, పండగలకూ పెళ్ళిళ్ళకూ గెంతుతాం. మనిషి భుజాల మీద మనిషి, వాడి భుజాల మీద ఇంకొకడు. నేను అందరికంటే కింద నిలబడేవాణ్ణి. నా పేరు ఇద్దెర్. కింద నిలబడేవాడికి రెండే నియమాలు. తల ఎత్తి పైకి చూడకూడదు. వంగి భుజం ఇచ్చేటప్పుడు "ఎక్కు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు.

నా పైన హసూ నిలబడతాడు. హసూ పైన తూదా. చిట్టచివరి గెంతు తూదాదే. మూడు మీటర్ల ఎత్తు నుంచి గాలిలో ఒక పల్టీ కొట్టి నా ముందు నేల మీద దిగుతుంది. దిగిన చోటే ఆగాలి. ఒక్క అడుగు కూడా ముందుకు పడకూడదు. మా బృందంలో అదే కొలత. ఎంత ఎత్తు ఎగిరావన్నది ఎవరూ అడగరు, ఎలా ఆగావన్నదే అడుగుతారు.

రెండు చలికాలాల కిందట తూదా ఎడమ మోకాలు మెలిపడింది. వాపు పోయింది, నొప్పి పోయింది, బిగుసుతనం మాత్రం పోలేదు. దిగినప్పుడు ఆ కాలు పూర్తిగా వంగదు. బరువంతా కుడికాలి మీదికి జారి, ఒక చిన్న అడుగు పడుతుంది. చూసేవాళ్ళకు కనిపించనంత చిన్నది. మా ముఖద్దెంకు, అంటే మా బృందం పెద్ద ఉబెల్లాకు మాత్రం, అది తలుపు చరిచినంత గట్టిగా వినిపిస్తుంది.

ఆ వసంతంలో ఒక పొద్దున సాధన అయ్యాక ఆయన తూదాను పక్కకు పిలిచి చెప్పాడు. కోట ముందరి రాతి బయలులో ఏటా జరిగే మౌసెం ఉత్సవంలో చివరి గెంతు ఆమెకే ఇస్తాడు. అడుగు పడకపోతే పై స్థానం ఆమెదే. పడితే ఆ రోజు నుంచి డప్పు పట్టుకుని కింద కూర్చోవాలి. ఆయన కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పుంటే ఆమెకు ఏడుపొచ్చేది కాదేమో.

మౌసెంకు ఆరు వారాల గడువుంది. తూదా ఇసుక దులుపుకోకుండానే మెట్లెక్కి బీహీ కొట్టుకు వెళ్ళింది. తడి తువ్వాలు పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.

బీహీ ఆమె ఎడమకాలి వైపు ఒకసారి చూశాడు. భార్య రఖియాను పిలిచాడు. రఖియా తూదాకు మేనత్త. వెనక గదిలో చాప పరిచి, పిల్లను బోర్లా పడుకోబెట్టి, ఎడమకాలు వెనక్కి మడిచి, మడమకూ పిరుదుకూ మధ్య తన వేళ్ళు పెట్టి చూసింది.

"నాలుగు వేళ్ళు," అని లోపలి నుంచి కేకేసింది.

"రెండో కాలు?"

"వేలు కూడా దూరదు. ఊళ్ళో అందరి మోకాళ్ళూ కొలుస్తావు గానీ, నేను మెట్లెక్కలేక చస్తుంటే నా మోకాలి మొహం ఒక్కసారన్నా చూశావా?"

"నీ కాళ్ళ నిండా నరాలు తేలినాయి. వాటి మీద రబ్బరు కడితే దేవుడికి జవాబు నేను చెప్పుకోవాలి. నీకు మెట్లు తక్కువున్న ఇల్లు వెతుకుతాలే."

"ముప్ఫై ఏళ్ళ నుంచీ వెతుకుతున్నావు," అంది రఖియా.

ఆ తర్వాత బీహీ తూదాను కొట్టు ముందున్న రాతిపలక దగ్గర నిలబెట్టాడు. చిన్న ముక్కాలిపీట మీద నుంచి ఎడమకాలి మీద మాత్రమే దిగమన్నాడు. దిగింది. మోకాలు వణికింది. గాలికి ఊగే దీపంలా అటూ ఇటూ ఊగి, ఊగి, కుదుటపడింది. బీహీ పెదవులు కదులుతున్నాయి. తొమ్మిది దాకా లెక్కపెట్టాడు.

"ఇసుక నీకు అబద్ధాలు చెప్పిందే, తల్లీ," అన్నాడు. "కాలు వంచకపోయినా ఇసుకే వంగి పట్టుకుంది. రాయి వంగదు."

ఒక సైకిలును తలకిందులుగా నిలబెట్టి ముందు చక్రాన్ని గట్టిగా తిప్పి వదిలాడు. ఆయన గడియారం అదే. ఆ చక్రం వంకర తీయడానికి తనకు పన్నెండేళ్ళు పట్టిందంటాడు. ఒక్క తోపుకు సరిగ్గా రెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది. అది తిరుగుతుండగా మేకు నుంచి ఒక పట్టీ తీసి, తూదా మోకాలి కింద నుంచి మొదలుపెట్టి పైకి, గుండె వైపుకు, చుట్టు మీద చుట్టు సగం సగం ఎక్కిస్తూ, సాగదీసి బిగించి తొడ దాకా చుట్టాడు. చివర లోపలికి దోపాడు. ముడి వేయలేదు.

"లే. కూర్చో. లే. కూర్చో. ఆగొద్దు."

తూదా గుంజీలు తీసింది. పళ్ళు బిగించింది. రబ్బరు కిర్రుకిర్రుమంది. ఆమె కాలి బొటనవేలి గోరును బీహీ నొక్కి వదిలాడు. తెల్లబడి, మెల్లగా మళ్ళీ గులాబీ రంగు వచ్చింది. తిమ్మిరెక్కితే వెంటనే చెప్పమన్నాడు. చక్రం నెమ్మదించింది. పుల్లలు ఒక్కొక్కటీ కనిపించడం మొదలైంది. చక్రం ఆగేసరికి ఆయన చెయ్యి చివరను లాగేసింది, పట్టీ మొత్తం జారి నేల మీద చుట్టగా పడింది.

అప్పుడు తూదా మొహంలో వచ్చింది చూశాను. దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆనకట్ట తలుపు ఎత్తితే ఎండిన కాలవలోకి నీళ్ళు వచ్చినట్టు, ఆమె రక్తం ఆమె కాలిలోకే తిరిగి వస్తోంది. ఆమె ఊపిరి బిగబట్టి వింటోంది, మోకాలికి చెవి ఉన్నట్టు. తన ఒంట్లో తనకు తెలియని గది ఒకటి తెరుచుకున్నట్టు.

రఖియా మళ్ళీ కొలిచింది. రెండు వేళ్ళు. రాతి మీద మళ్ళీ దూకించారు. బీహీ పెదవులు నాలుగు దగ్గర ఆగాయి.

రబ్బరు రబ్బరే, చర్మం చర్మమే. రెండు నిమిషాల కిందటి పిల్లే ఈ పిల్ల. అయినా ఒక మోకాలు మనసు మార్చుకోవడం కళ్ళారా చూశాం.

"ఇంతేనా దాద్దా?" అంది తూదా. పెద్దవాళ్ళను మేం అలాగే పిలుస్తాం.

"ఇంతే. మూడు గ్లాసుల టీ తాగేంతసేపు ఉంటుంది. తర్వాత పోతుంది. ఆ మూడు గ్లాసుల్లో ఎన్నిసార్లు రాతి మీద దిగుతావో అది నీది. మిగతాది రబ్బరుది."

ఆ ఆరు వారాలూ ఆమె రోజూ వచ్చింది. కట్టడం, విప్పడం, రాతి మీద దిగడం. కొన్ని రోజులు ఆరు లెక్కకు ఆగేది, కొన్ని రోజులు మూడుకే. ఒక రోజు కట్టినా కట్టకపోయినా ఒకటే అయింది. ఆ రోజు బీహీ పట్టీని ఎండలోకి ఎత్తి చాలాసేపు చూసి, తెలియదన్నాడు. ఆయన తెలియదు అన్నప్పుడు నాకు ఆయన మీద నమ్మకం పెరిగేది.

ఆ మధ్య ఒకసారి, పై వీధిలో ఎముకల వైద్యం చేసే యువతి సైకిలు పంక్చరు వేయించుకోవడానికి వచ్చి, ఈ తతంగమంతా నిలబడి చూసింది. తమ దగ్గరా ఇలాంటి పట్టీలే ఉన్నాయనీ, రంగురంగుల్లో వస్తాయనీ చెప్పింది. కీలు వంగడం కాసేపు పెరుగుతుందని కొందరిలో చూశారట. దిగినప్పుడు నిలకడ విషయం మాత్రం ఇంకా తేలలేదట. కొందరికి పెరిగింది, కొందరికి ఏమీ తేడా లేదు. ఎందుకు పనిచేస్తుందో పుస్తకాలకే సరిగా తెలియదంది. రెండు నిమిషాలు దాటనివ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పింది.

దాటితే ఏమవుతుందో ఆ కొట్టులో బీహీకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆయన తన చాపిన కాలి వైపు చూసుకుని, ఆమె ట్యూబులో గాలి నింపాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఇదే మౌసెంలో, కోట తలుపు ముందరి ఇదే రాతి బయలులో, చివరి గెంతు బీహీది. కింద నిలబడ్డవాడు ఉబెల్లా. అప్పటికి ముఖద్దెం కాదు, నాలాగే భుజాలున్న మనిషి. అన్నదమ్ముల్లా తిరిగేవాళ్ళట ఇద్దరూ. బీహీ అప్పటికే సైకిలు కొట్టులో పని చేసేవాడు. ట్యూబు ముక్క మోకాలికి చుట్టుకుంటే కాలు తేలికవుతుందని తనకు తానే కనుక్కున్నాడు. ఆ రోజు షరాయి కింద బిగించి కట్టుకుని బరిలోకి దిగాడు. గెంతేముందు విప్పాలని తెలియదు. కట్టే బలమనుకున్నాడు.

గెంతులకు ముందు ఫాతిహా ప్రార్థన చదవడం మా ఆచారం. బృందం పెద్ద అరచేతులు ఎత్తుతాడు, జనం అందరూ ఎత్తుతారు. ఎవరికి ఏ ప్రార్థన కావాలో అడుగుతారు. సముద్రం మీదికి వెళ్ళిన కొడుకు కోసం ఒకరు, పురిటి గదిలో ఉన్న కోడలి కోసం ఇంకొకరు. ఎవరినీ కాదనకూడదు. అడిగినవాళ్ళందరి కోసం చదివేదాకా మేము వరుసగా కదలకుండా నిలబడాలి. ఆ ఏడు పావుగంట పట్టింది. పావుగంట సేపు ఆ రబ్బరు షరాయి కింద బిగిసే ఉంది. పైకి ఎక్కేసరికి బీహీకి కాలు ఉందో లేదో తెలియలేదు. గాలిలో చక్కగా తిరిగాడు. దిగేటప్పుడు నేల ఎక్కడుందో కాలు చెప్పలేదు. కర్రలా నిటారుగా దిగింది.

ఆ చప్పుడు విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ చప్పుడు గురించి మాట్లాడరు.

ఉబెల్లా ముఖద్దెం అయ్యాక మొదట పెట్టిన నియమం ఒక్కటే. బరిలోకి ఎవరూ ఒంటి మీద ఏ కట్టూ కట్టుకుని రాకూడదు. గుడ్డ గానీ, తోలు గానీ, రబ్బరు గానీ. ఆ తర్వాత ఇద్దరూ వీధిలో ఎదురుపడితే సలాం చెప్పుకుంటారు, అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంతకు మించి ఒక్క మాట లేదు. బీహీ ఒకసారి నాతో అన్నాడు, ఉబెల్లా తనతో అన్న చివరి మాట "ఎక్కు" అని.

మౌసెం రోజు తూర్పుగాలి ఉదయం నుంచే మొదలైంది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక జనం కోట ముందు బయలంతా నిండారు. గోడల మీద, మెట్ల మీద, సున్నిపిండి రంగు రాళ్ళ మీద మనుషులే. మేము ఎర్రటి సిల్కు షరాయిలు వేసుకుని సందు మొదట్లో నిలబడ్డాం. బీహీ చక్రం కూడా మోసుకొచ్చాడు. గోడకు ఆనించి పట్టుకుని ఇరుసు మీద తిప్పాడు. తూదా మోకాలికి పట్టీ చుట్టాడు. ఆమె గుంజీలు తీసింది. చక్రం ఆగింది, పట్టీ జారిపడింది. సందులోని రాతి మీద రెండుసార్లు దిగింది. మూడు లెక్కకు ఆగింది.

"వెళ్ళు," అన్నాడు బీహీ. "తొందరగా కానిచ్చేలా చూడండి."

అది మా చేతుల్లో లేదు. ముఖద్దెం బరి మధ్యలో నిలబడి అరచేతులు ఎత్తాడు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చేపలు బాగా పడ్డాయి, అడిగేవాళ్ళు తగ్గుతారనుకున్నాం. తగ్గలేదు. పరీక్షలు రాసే పిల్లలు, బెణికిన నడుములు, తప్పిపోయిన ఒక గాడిద. ఒక ముసలావిడ చనిపోయిన తన ఏడుగురు చెల్లెళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది, మధ్యలో ఒక పేరు మరిచిపోయింది. గుర్తొచ్చేదాకా వేలమంది అరచేతులు గాలిలో ఆగాయి.

నేను లెక్కపెడుతున్నాను. ఒక గ్లాసు టీ అయింది. రెండో గ్లాసు. గాలి చల్లగా షరాయిల్లోకి దూరుతోంది. నా పక్కన తూదా ఎడమకాలి మడమను నేల మీద నుంచి కొద్దిగా ఎత్తి దించింది. మళ్ళీ ఎత్తి దించింది. కదలకూడదు కాబట్టి అంతకు మించి ఏమీ చేయలేదు. ఆమె మొహం చూశాను. తెరుచుకున్న గది తలుపు మెల్లగా మూసుకోవడం ఆమె వింటోంది.

"ఇద్దెర్," అంది పెదవులు కదపకుండా. "పోయింది."

అప్పుడు జనంలోంచి బీహీ వచ్చాడు. చేతులు ఖాళీ. పట్టీ మేకుకు వేలాడేసినట్టు తన మెడలో ఉంటే, దాన్ని తీసి రఖియా చేతిలో పెట్టి వచ్చాడు. కుంటుకుంటూ, ప్రార్థన మధ్యలో, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కాలు పెట్టని బరిలోకి. చివరి గెంతు ఒక్కసారైనా గెంతినవాడు బరిలోకి ఎప్పుడైనా రావచ్చు, ఎవరూ ఆపకూడదు. ఆ హక్కు ఆయన వాడుకోవడం మాలో ఎవరూ చూడలేదు.

తూదా ముందు ఆగాడు. వంగని కాలిని పక్కకు చాపి, రెండో కాలి మీద ఒరిగి, ఒక చెయ్యి రాతికి ఆనించి, కొంచెం కొంచెంగా కిందికి దిగాడు. ఆ దిగడం చూడలేక కొందరు కళ్ళు తిప్పుకున్నారు. కూర్చున్నాక రెండు అరచేతులూ ఆమె ఎడమ మోకాలి కింద వేసి, వేళ్ళు వేళ్ళలో పెనవేసి, బిగించాడు. ముప్ఫై ఏళ్ళుగా టైర్లను రిమ్ముల నుంచి ఒలిచిన చేతులు అవి.

"కూర్చో," అన్నాడు. "లే."

తూదా ఆ చేతుల మధ్యే కిందికి వంగింది, లేచింది. వంగింది, లేచింది. ఆయన చేతులు ఆమెతోపాటే కింద నుంచి పైకి, గుండె వైపుకు, కొంచెం కొంచెంగా జరుగుతున్నాయి.

ముఖద్దెం వైపు చూశాను. ఆయన బీహీ చేతులను చూశాడు. ముసలావిడ ఏడో చెల్లెలి పేరు చెప్పేసింది. ఇక అడిగేవాళ్ళెవరూ లేరు. ఫాతిహా చదివి ముగించాలి. ముగిస్తే తూదా వెంటనే ఎక్కాలి. కట్టు కూడదన్నది ఆయన పెట్టిన నియమమే. చేతులు కట్టు అవునో కాదో చెప్పగలిగిన మనిషి అక్కడ ఆయనొక్కడే.

ఆయన అరచేతులు దించలేదు.

"ఈ బరిలో విరిగిన కాళ్ళ కోసం," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. జనం ఆమీన్ అన్నారు. "ఈ బరిలో విరిగిన కాళ్ళను చూస్తూ, తల ఎత్తకూడదని తల ఎత్తకుండా నిలబడ్డవాళ్ళ కోసం." ఆమీన్. "దక్షిణాన మా కొండల కోసం." ఆమీన్. "వాటి మీది బాదం చెట్ల కోసం." ఆమీన్.

అలా ఆయన చదువుతూనే ఉన్నాడు. మేకల కోసం చదివాడు, బావుల కోసం చదివాడు. సైకిళ్ళ కోసం చదివినప్పుడు ముందు వరుసలో ఎవరో నవ్వాపుకున్నారు. రెండు నిమిషాలు ఎంత పెద్దవో నాకు ఆ రోజే తెలిసింది. వేలమంది చేతులు ఎత్తి నిలబడ్డారు, మధ్యలో ఒక ముసలివాడు ఒక పిల్ల మోకాలిని పట్టుకుని కూర్చున్నాడు, గాలి కూడా ఎవరి అనుమతి కోసమో ఆగినట్టుంది. చక్రం లేదు. అయినా మా అందరి మధ్యా ఏదో తిరుగుతోంది, నెమ్మదిస్తోంది, దాని పుల్లలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

బీహీ చేతులు తెరిచాడు. అదే క్షణంలో ముఖద్దెం అరచేతులు మొహం మీద రాసుకున్నాడు.

డప్పులు మొదలయ్యాయి. నేను వంగి "ఎక్కు" అన్నాను. హసూ ఎక్కాడు. తూదా ఎక్కింది. ఇద్దరి బరువూ నా మెడ వెనక కలిసి ఒకటయింది. నేను తల ఎత్తలేదు. నాకు ఎదురుగా నేల మీద, లేవలేక అలాగే కూర్చున్న బీహీ మాత్రం కనిపిస్తున్నాడు. ఆయన పైకి చూస్తున్నాడు. కింద నిలబడేవాడు ఆకాశాన్ని ఎదుటివాడి కళ్ళలోనే చూస్తాడు.

నా భుజాల మీంచి ఒక బరువు పోయింది.

అది పోయినప్పుడు ఎప్పుడూ ఒక ఖాళీ వస్తుంది. పిట్ట ఎగిరిపోయాక కొమ్మ ఊగే క్షణం. ఆ క్షణంలో బీహీ కళ్ళు గాలిలో ఒక వలయం గీశాయి. తర్వాత ఎర్రటి సిల్కు నా ముందు నేల మీదికి రాలింది.

రెండు పాదాలూ ఒకేసారి రాతిని తాకాయి. చప్పుడు చిన్నది, తడిబట్ట పరిచినట్టు. ఎడమ మోకాలు వంగింది. ఇంకా వంగింది. అంతగా ఎప్పుడూ వంగలేదు. ఆమె ఒక్కసారి ఊగింది. ఒకటి. కుడికాలి మడమ లేవబోయింది. రెండు. బీహీ పెదవులు నాతోపాటే కదులుతున్నాయి. మూడు.

ఆగింది.

గాలికి ఆమె జుట్టు కదులుతోంది, షరాయి కదులుతోంది, ఆమె కదలలేదు. మోకాలి దగ్గర సిల్కు మీద పది వేళ్ళ మడతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ మడతల కింద, నా కళ్ళకు కనిపించని చోట, రక్తం తన ఇంటికి తాను వస్తోంది. దేవుడు మనుషుల్ని ఏ రబ్బరుతో చేశాడో అనుకున్నాను. బిగిస్తే చచ్చినట్టుంటుంది. వదిలితే ఇలా నిలబడుతుంది.

జనం అరుపులు తర్వాత వచ్చాయి. గెంతినవాళ్ళు ముందు ముఖద్దెం దగ్గరకు వెళ్ళి తల ముద్దుపెట్టుకోవాలి. తూదా బీహీ వైపు పరిగెత్తబోయింది.

"ముందు పెద్దాయన దగ్గరికి పో," అని కసిరాడు బీహీ. "మర్యాద కూడా నేనే చుట్టి కట్టాలా?"

ఆమె వెళ్ళి ముద్దుపెట్టుకుంది. ముఖద్దెం డప్పును ఎవరి చేతిలో ఉందో వాళ్ళ చేతిలోనే ఉండనిచ్చాడు. ఆమెకు అది చాలు. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

బీహీ ఇంకా రాతి మీదే ఉన్నాడు. దిగడం ఎలాగో దిగాడు గానీ లేవడం ఆయన చేతిలో లేదు. ఇదీ ఆటలో భాగమేనని జనం అనుకున్నారు. ముసలివాడు ఎప్పుడు పల్టీ కొడతాడా అని చూస్తూ చప్పట్లు మొదలుపెట్టారు. రఖియా బరి అంచు నుంచి పట్టీ ఊపుతూ, లేవనెత్తండిరా, రేపు పంక్చర్లు వేసే మనిషి అతనొక్కడే అని మమ్మల్ని తిడుతోంది. నేను భుజాల మీద ఇంకా హసూను మోస్తున్నాను, కదలకూడదు.

ముఖద్దెం వచ్చాడు. ఆయనకూ అరవై దాటాయి. బీహీ ముందు నిలబడి, నెమ్మదిగా మోకాళ్ళు వంచి, కింద నిలబడేవాళ్ళం వంగినట్టే వంగి, భుజం ఇచ్చాడు. ఆ వంగడంలో ముప్ఫై ఒక్క ఏళ్ళ తుప్పు కిర్రుమనడం నాకు వినిపించింది.

"ఎక్కు," అన్నాడు.

బీహీ ఆయన వైపు చూశాడు. తర్వాత పొడుగాటి చేతిని ఆ భుజం మీద వేశాడు.

"నీ భుజం వదులైపోయిందిరా."

"నీ మోకాలి కంటే నయమే."

ఇద్దరూ కలిసి లేచారు. ఒక్కసారిగా కాదు. సగం లేచి, ఒకరి మీద ఒకరు ఆగి, ఊగి, మళ్ళీ లేచి. నేను అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పదకొండు దగ్గర కుదురుగా నిలబడ్డారు. ఒక్క అడుగు కూడా పడలేదు.